నీళ్ళ గీతకి పైన

ముప్పై ఒక్కేళ్ళ కండక్టరు ఉద్యోగంలో
టికెట్ లేకుండా ఒక్కణ్ణే వదిలేశాను:
కిటికీలోంచి ఎక్కి
నా ఖాకీ చొక్కా మీదే కూర్చునేవాడు.
నూజివీడు బస్సు ఆగిరిపల్లి దాటేసరికి
వీపంతా ఉప్పు.

ఇవాళ వాడి మీద ఎస్టిమేటు వచ్చింది.

సింగ్‌నగర్‌లో మా డాబా మీద
షేక్ బాజీ టేపు పట్టుకుని అటూ ఇటూ నడిచాడు.
పాతికేళ్ళుండవు కుర్రాడికి,
ఎండలో కళ్ళు చికిలించకుండా లెక్క చెప్పాడు:
పలకలు ఆరు, ఎనభై ఒక్క వేలు.
"పలకలంటే బళ్ళో పలకలా?" అంది సువార్త.
"ప్యానెళ్ళు పిన్నీ. పాతికేళ్ళు గ్యారంటీ."
నాకు అరవై మూడు.
ఆ గ్యారంటీ ఎవరికో అడగలేదు.

ఇన్వర్టరు ముప్పై రెండున్నర.
ఇనప కాళ్ళు ఇరవై నాలుగు, ఎత్తుగా ఉండాలట,
మూడింటికి నీళ్ళ ట్యాంకు నీడ పడుద్దట,
ఒక్క పలక మీద నీడ పడితే
ఆరూ నీరసపడతాయట.
భూమిలో మూడు గోతులు, ఉప్పూ బొగ్గూ,
పిడుగుకి దారి చూపించడానికో కడ్డీ,
రెండు డబ్బాలు, వైర్లు, కూలి,
కొత్త మీటరు. అది వెనక్కి కూడా లెక్క కడుద్దట.
వెనక్కి నడిచిన లెక్క
నా సర్వీసులో ఒక్కటీ చూళ్ళేదు.

మొత్తం లక్షా ఎనభై వేల ఐదు వందలు.
"సబ్సిడీ తర్వాత పడుద్ది బాబాయ్,
ముందు మీరు కట్టాలి."
ముందు మనం కట్టాలి.
ఏ ఆఫీసులోనూ ఆ మాట మారదు.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను
వేబిల్లులాగా.
రాత్రి కూర్చుని మళ్ళీ కూడాను,
పైనించి కిందకి, కిందనించి పైకి.
రూపాయి తేడా రాలేదు.
సూర్యుడికని ఒక్క పైసా రాయలేదు బాజీ.
వాడు ఊరికే.
వాడు దిగే మెట్లకే ఇంత.

సువార్త గ్రైండర్లు రెండూ
తెల్లారగట్ల నాలుగింటికే మొదలవుతాయి.
వీధంతటికీ దోసెల పిండి మాదే.
మే నెల బిల్లు నాలుగు వేల ఆరు వందలు,
అందులో పిండిదెంతో, ఫ్యానుదెంతో,
ఇంధన సర్దుబాటు అని రాసిందెంతో.
"ఐదేళ్ళలో తిరిగొచ్చేసుద్ది" అన్నాడు బాజీ.
ఆవిడ ఏళ్ళు లెక్కపెట్టదు, కవర్లు లెక్కపెడుతుంది:
నలభై రూపాయల పిండి కవర్లు
నాలుగు వేల ఐదు వందల పన్నెండు,
పైన ఇరవై రూపాయలు.

మర్నాడు, ఇన్వర్టరు ఎక్కడ అన్నాడు.
"కింద వరండాలో, మీటరు పక్కన. వైరు కలిసొచ్చుద్ది."
సువార్త ఏం మాట్లాడకుండా
బట్టల స్టాండు పక్కకి జరిపింది.
గోడ మీద, నా గుండెల ఎత్తున,
బుడమేరు గీసి వెళ్ళిన గీత.
రెండుసార్లు సున్నం కొట్టాం.
చెమ్మ పట్టినప్పుడల్లా పైకొస్తుంది,
టీ మరకలాగా.

ఆ వారం
గ్రైండర్లూ ఫ్రిజ్జూ మీటరూ ఆ గీత కింద,
మేం డాబా మీద.
మూడో రోజు ఎండ కాసింది, నిండుగా, సిగ్గులేకుండా.
అంత వెలుతురులో
ఫోను చచ్చిపడి ఉంది.
పడవ మీద కుర్రాళ్ళు కేకేస్తే
బతికే ఉన్నామని
గొంతుతోనే చెప్పాల్సొచ్చింది.

బాజీ గీత వంక చూశాడు, వేలితో తడిమాడు.
వాళ్ళది రాజరాజేశ్వరిపేట.
వాళ్ళింట్లో గీత ఇంకో రెండు జానలు పైన.
"మేడ మీద గదిలో పెడదాం పిన్నీ.
కేబులు పెరుగుద్ది, పైపు పెరుగుద్ది."
నాలుగు వేల రెండు వందలు
కాగితం అడుగున కలిపి రాశాడు.

నేను బేరానికి నోరు తెరిచాను, అలవాటు.
అప్పటికే సువార్త
స్టీలు డబ్బాలోంచి అడ్వాన్సు తీస్తోంది:
పదులూ ఇరవైలూ,
పులిసిన పిండి వాసన.

మేడగది గోడ మీద
సుద్దముక్కతో చిన్న గుర్తు పెట్టాడు కుర్రాడు.
కింద గీతకీ ఈ గుర్తుకీ మధ్య
పదకొండు అడుగులు.
స్టేజీకి ఇంతని ఛార్జీ చెప్పడమే తెలిసినవాణ్ణి,
నాలుగు వేల రెండు వందలు,
పదకొండు అడుగులకి.

చిల్లర అడగలేదు.